ఎక్కిరింపు పేరు గడి

డిగ్నాబాద్, పోర్ట్ బ్లెయిర్
జూన్ 2012

సీతాలు వదినకు,

ఇక్కడ అందరం క్షేమం, సొసైటీ కంప్యూటర్ తప్ప. పెళ్ళికి ముందు నువ్వు ఈ ఊళ్ళో ఉండగా మన మత్స్యకారుల సొసైటీకి రాసిపెట్టిన పడవల ప్రోగ్రాం ఇప్పుడు పొద్దున తెరిస్తే మధ్యాహ్నానికి లేస్తోంది. ఎవరు వేటకు వెళ్ళారో, ఎవరు తిరిగొచ్చారో చెప్పాల్సిన ప్రోగ్రాం వాళ్ళు తిరిగొచ్చి చేపలు అమ్ముకున్నాక కళ్ళు తెరిస్తే ఏం లాభం? మొన్న ముగ్గురు వేట టోకెన్ లేకుండానే వెళ్ళిపోయారు. వాళ్ళ పేర్లు గోడ మీద సుద్దముక్కతో రాసుకున్నాను. జల్లు కొట్టి గోడ కడిగేసింది.

ఆదివారం సంఘం కూర్చుంది. ఈ పాత చింతకాయ పచ్చడి ఇక చాలు, కొత్తది తెద్దాం అన్నారు. డైరీ ఫార్మ్ పేటలో కంప్యూటర్ల దుకాణం నడిపే మల్లేశు కొత్త ప్రోగ్రాం పెట్టిస్తానన్నాడు. అంతా కుదిరాక ప్రెసిడెంటు పోలిరాజు మావ ఒక మెలిక పెట్టాడు. "ఆ పిల్ల మనకోసం ఊరికే సేసి పెట్టినాది. తీసీమని ఆ పిల్ల సెప్పాల. నేకపోతే అది సచ్చీదాకా అదే" అన్నాడు. కాబట్టి తీసేయడానికి ఒప్పుకుంటున్నట్టు రెండు ముక్కలు రాసి పంపు. గుమాస్తాగా అడుగుతున్నాను. ఇందులో నాకు సొంత లాభం ఏమీ లేదు.

ఫోనే చేసేదాన్ని. కానీ ఫోన్‌లో సగం మాట సముద్రం దాటేలోపే పోతుంది, మిగతా సగం మీ అన్నయ్య వింటాడు.

మా అన్నయ్య నీ చేతి వంట తిని చిక్కిపోయాడని మా అమ్మ రాసింది. మనవి కుండమార్పిడి పెళ్ళిళ్ళని మర్చిపోకు. నువ్వు మా అన్నయ్యను చేసుకుని మా ఊరు వెళ్ళావు, నేను మీ అన్నయ్యను చేసుకుని మీ దీవికి వచ్చాను. అక్కడ మావాడు ఒక కిలో తగ్గితే ఇక్కడ మీవాడు రెండు కిలోలు తగ్గుతాడు.

ఇట్లు
నీ వదిన అమ్మడు


భీమిలి
జూన్ ఆఖరు

అమ్మడు వదినకు,

మీ అన్నయ్య చిక్కలేదు. మీ అమ్మగారి కళ్ళజోడు మార్చాలి. ఆ పని ఈ వారం చేస్తాను.

సొంత లాభం ఉందా అని నిన్ను ఎవరడిగారు వదినా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది. కిందటేడు ఇదే ప్రోగ్రాం గురించి "ఇంట్లో గానీ ఆఫీసులో గానీ చెప్పినమాట వినేది ఇదొక్కటే" అని రాశావు. ఆ ఉత్తరం నా దగ్గర ఉంది.

సరే, పని మాట. అదంతా నేనే రాశానని మీరంతా అనుకుంటున్నారు. సగమే నాది. తెర మీద కనిపించే గళ్ళ పట్టిక, తేదీ ఎంచుకునే పెట్టె, టోకెన్ అచ్చువేసే ముక్క అప్పట్లో వేరేవాళ్ళు చేసి అమ్మిన టూల్‌కిట్‌లోవి. నేను తెచ్చి అతికించాను. ఆ టూల్‌కిట్ చేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు. ఇప్పుడొచ్చే కంప్యూటర్లు ఆ ముక్కల్ని గుమ్మంలోనే ఆపేస్తాయి. మన పడవల వాళ్ళకు ఇది చెప్పడం తేలికే. ఇంజిన్ బాగానే ఉంటుంది, కానీ విడిభాగాలు రావడం మానేశాయి. అరిగిన ముక్క పోయిన రోజున ఇంజిన్ మొత్తం ఇనుప సామాను కిందే లెక్క.

కాబట్టి తీసేయొద్దని నేను పట్టుబట్టను. ఇక్కడ బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠం చెబుతూ, పాతవి పట్టుకుని వేలాడకూడదని రోజూ నేనే అంటుంటాను. కానీ నీకు ఇంత తొందర ఎందుకో చెప్పు. చెబితేనే రాస్తాను.

నీ వదిన
సీతాలు


డిగ్నాబాద్
జూలై

సీతాలు వదినకు,

చెప్పమన్నావు కాబట్టి చెబుతున్నాను. విన్నాక నవ్వితే ఇక్కడికి వినిపిస్తుంది.

మొన్న మల్లేశు కొత్త కంప్యూటర్ తెచ్చి నీ పాత పేర్లన్నీ దానిలోకి ఎక్కించి చూశాడు. తెలుగు ఒక్క ముక్క రాలేదు. మీ అన్నయ్య పేరు పక్కన ఒక డాలరు గుర్తు, రెండు ప్రశ్న గుర్తులు, ఒక తోక వచ్చాయి. "దీదీ, ఏ క్యా లిఖా హై?" అన్నాడు మల్లేశు, ఇదేం రాశారక్కా అని. ఏమీ లేదు నాయనా, ఉన్నదానికంటే ఇదే బాగుంది అన్నాను.

అదీ సంగతి. తాత పేరు మనవడికి పెట్టడం మనవాళ్ళ ఆనవాయితీ. ఒక తాతకు నలుగురు కొడుకులుంటే నాలుగిళ్ళలోనూ ఒక్కో తాతబ్బాయి. సొసైటీలో పదకొండు మంది తాతబ్బాయిలు, అందులో సగానికి ఇంటిపేరూ ఒకటే. పోనీ పడవ నంబరుతో పోల్చుకుందామంటే, పొద్దున ఎవరి పడవ ఖాళీగా ఉంటే వాళ్ళు దానిలో ఎక్కిపోతారు. అందుకని నువ్వు ప్రోగ్రాంలో ఎక్కిరింపు పేరు అని ఒక గడి పెట్టావు. ఎవరి ఎక్కిరింపు పేరు వాళ్ళు చెప్పుకోకూడదు, పక్కవాడే చెప్పాలని సంఘం చేత కట్టుబాటు చేయించావు. ఒకసారి ఎక్కిన పేరు మారకుండా ఆ గడికి తాళం కూడా వేశావు. నవ్వుల తాతబ్బాయి ఉన్నాడు, రెండు గొడుగుల తాతబ్బాయి ఉన్నాడు. మంచి పేర్లే. మరి నా మొగుడికో?

పెళ్ళయి ఓడ దిగిన మూడో రోజున కొత్త చీర కట్టుకుని జెట్టీకి అన్నం క్యారియర్ పట్టుకెళ్ళాను. మైకులో "కొంగుచాటు తాతబ్బాయీ, వచ్చి టోకెన్ తీసుకో" అన్నారు. జెట్టీ జెట్టీ అంతా నా కొంగు వంక చూసింది. ఈ దీవిలో నా ముఖం కంటే ముందు నా కొంగు పరిచయమైంది. పన్నెండేళ్ళుగా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వింటున్నాను. పైగా మూడేళ్ళ నుంచి మైకులో పిలిచేది పోలిరాజు మావ, ఆ టోకెన్ ఇచ్చేది నేను.

అప్పుడు కీబోర్డు నీ చేతిలో ఉంది. కాదనగలవా? ప్రోగ్రాం పోతేనే ఆ పేరు పోతుంది. ఇప్పుడు రాసి పంపు.

నీ వదిన
అమ్మడు


భీమిలి
జూలై ఆఖరు

అమ్మడు వదినకు,

నవ్వలేదు. మీ అన్నయ్య నవ్వాడు. నేను అన్నం వడ్డించడం ఆపాను.

కొట్టింది నేనే, ఈ వేళ్ళతోనే. అంతకు మించి నన్ను అడక్కు.

అసలు ఆ గడి ఎందుకు పెట్టానో నీకు ఎవరూ చెప్పినట్టు లేరు. నేను హైస్కూల్లో ఉండగా ఒక గాలివాన రోజున తాతబ్బాయి పడవ మునిగిందని కబురొచ్చింది. ఏ తాతబ్బాయో తెచ్చినవాడికి తెలియదు. ఆ వేళకు మా అన్నయ్య ఇంట్లో లేడు. మా అమ్మ గుండెలు బాదుకుంది, వీధి అంతా మా ఇంటి ముందు చేరింది. నిజానికి అన్నయ్య సిప్పీఘాట్ తోటకు కొబ్బరి మొక్కల కోసం వెళ్ళాడు. సాయంత్రం ఆ మొక్కలు మోసుకుంటూ వచ్చి, ఇంటి ముందు ఏడుస్తున్న జనాన్ని చూసి, పోయిందెవరో అడక్కుండా తనూ కూర్చుని ఏడవడం మొదలుపెట్టాడు. పక్కనున్న పొరుగూరి ముసలాయన "ఊరుకో బాబూ. తాతబ్బాయి నీకేటవుతాడు?" అని ఓదార్చాడు.

మునిగిన తాతబ్బాయి వేరే వీధి మనిషి. మనవాళ్ళు మా అన్నయ్య వేటాడే వైపు వెతుకుతుంటే ఆయన ఇంకోవైపు బోర్లాపడిన పడవను పట్టుకుని తెల్లవార్లూ వేలాడాడు. బతికి వచ్చాడు కాబట్టి ఇవాళ నవ్వుకుంటున్నాం. మీ రిజిస్టర్‌లో ఉన్న మునక తాతబ్బాయి ఆయనే. నేను డిగ్రీ అయ్యాక మొదట చేసిన పని ఆ ప్రోగ్రాం, అందులో మొదట గీసింది ఆ గడి.

పాతది తీసేయండి. కాని ఒక్క షరతు. నెలరోజులు పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపండి. రెండూ ఒకేమాట చెబుతున్నాయని తేలాకే నా ఒప్పుదల పంపుతాను.

సీతాలు


డిగ్నాబాద్
ఆగస్టు

శ్రీమతి సీతాలు గారికి,

మీ షరతును సంఘానికి చదివి వినిపించడమైనది. సంఘం అంగీకరించినది. కొత్త ప్రోగ్రాం ఈ నెల మొదలు నడుస్తున్నది. తెర నీలంగా, చూడముచ్చటగా ఉన్నది. నొక్కగానే లేచుచున్నది. అందులో ఎక్కిరింపు పేరు గడి లేదని తమకు తెలియజేయుటకు సంతోషిస్తున్నాను.

పాత ప్రోగ్రాంను ముట్టుకొనుటకు నాకు తీరిక లేదు. ప్రెసిడెంటు గారు దాని ముందు కూర్చుని ఒక్క వేలితో కొట్టుకుంటున్నారు. "ఇల్లలకగానే పండగ కాదే అమ్మడూ, ఆ నీలం దాని మీద నాకింకా భరోసా నేదు" అని రోజుకొకసారి అంటున్నారు.

పన్నెండేళ్ళ తరవాత అయినా తప్పు ఒప్పుకుని ఒక మంచిమాట రాస్తారనుకున్నాను. కొట్టింది నేనే, అడక్కు అని రాశారు. రొయ్యల పచ్చడి పట్టి మీకోసం సీసాలో పెట్టాను. పంపడం లేదు.

ఇట్లు
గుమాస్తా


భీమిలి
ఆగస్టు ఆఖరు

గుమాస్తా గారికి,

తమరి ఉత్తరం అందినది. పచ్చడి రాలేదని తెలిసి మీ అన్నగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో రాయలేను.

నెల నిండలేదు గానీ, నీతో పేచీ పెట్టుకుని ఆ ప్రోగ్రాంను నిలబెట్టుకోవడం నాకిష్టం లేదు. పోలిరాజు మావకు రాసిన ఒప్పుదల ఉత్తరం దీంతోనే పెట్టాను. ఇచ్చెయ్యి.

ఒక్కటి మాత్రం మల్లేశును అడుగు. ఒకే పేరు రెండోసారి వస్తే ఆ కొత్త ప్రోగ్రాం ఏం చేస్తుంది? ఇచ్చే ముందు ఇది అడుగు వదినా. కోపం నామీద ఉంచుకో, ప్రశ్న మీద వద్దు.

సీతాలు


డిగ్నాబాద్
సెప్టెంబరు

వదినా,

నీ ప్రశ్నకు జవాబు నీ ఉత్తరం రాకముందే తెలిసింది. ఓడ టపా ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. ముందే వచ్చినా అడిగేదాన్ని కాదేమో, అంత కోపంగా ఉన్నాను.

ఇంటిపేర్లు వదిలేసి ఇంగ్లీషులో పేర్లు ఎక్కించేటప్పుడు ఆ నీలం తెర "ఈ పేరు ముందే ఉంది, కలిపేయనా?" అని అడిగిందట. మల్లేశు కలిపెయ్ అన్నాడు. మళ్ళీ అడిగింది, మళ్ళీ కలిపెయ్ అన్నాడు. పదకొండు మంది తాతబ్బాయిలు కలిసి ఒక్క తాతబ్బాయి అయ్యారు, ఒక్కడొస్తే అందరూ వచ్చినట్టే. పొద్దున టోకెన్లు ఎవరివి వాళ్ళకు వస్తూనే ఉన్నాయి కాబట్టి మేమెవరం చూసుకోలేదు. రోజూ అందరూ వెలుతురుండగానే వచ్చేస్తున్నారు కాబట్టి తేడా తెలియలేదు.

మంగళవారం సాయంత్రం పడమటి వైపు మబ్బు పట్టింది. నవ్వుల తాతబ్బాయి వచ్చాడు. వచ్చినట్టు నొక్కాను. తెర అంతా పచ్చగా అయి "అందరూ చేరారు" అంది. నేను తాళాలు పోలిరాజు మావకిచ్చి ఇంటికొచ్చేశాను. మీ అన్నయ్య లేడు. టీ కొట్టు దగ్గర కబుర్లలో ఉంటాడులే అని బెండకాయలు తరుక్కుంటూ కూర్చున్నాను. పచ్చగా చూసి వచ్చాను కదా, నాకేం బెంగ లేదు.

అప్పుడు మైకు వినిపించింది. "కొంగుచాటు తాతబ్బాయి ఇంకా రానేదు. సూసినోళ్ళెవులైనా ఉంటే ఆఫీసు కాడికి రండి." పోలిరాజు మావ గొంతు. నీ పాత ప్రోగ్రాంలో ఆ ఒక్క వరస ఎర్రగానే ఉండిపోయిందట. ఒక్క వేలితో కొట్టే మనిషి, ఒక్కటీ వదలకుండా కొట్టాడు.

వదినా, చాలా భయం వేసింది. దాచుకోను. తాతబ్బాయి అని మాత్రం పిలిచి ఉంటే కదిలేదాన్ని కాదు, ఇంకా పదిమంది పెళ్ళాలు ఉన్నారులే అనుకునేదాన్ని. కొంగుచాటు అనగానే కత్తిపీట అక్కడే వదిలేసి పరిగెత్తాను. దారిలో నన్ను చూసి ఎవరూ నవ్వలేదు.

నేను వెళ్ళేసరికి నవ్వుల తాతబ్బాయి చెబుతున్నాడు. "మా కొంగుచాటోడా? నార్త్ బే కాడ లంగరేసుకుని ఇంజిన్ ఇప్పుకుని కూకున్నాడు. మజ్జేన్నం సూసినాను. బాగయిపోతాది, నువ్వెల్లిపో భాయ్ అన్నాడు." వెంటనే రెండు పడవలు వెళ్ళాయి. తాడు కట్టి లాక్కొచ్చారు. వాళ్ళు జెట్టీ పట్టుకున్నాక కాసేపటికే గాలివాన విరుచుకుపడింది. ఆ చిన్న పడవతో ఆ గాలిలో ఉంటే ఏమయ్యేదో నేను రాయను.

మీ అన్నయ్య దిగుతూనే నా కాళ్ళ వంక చూశాడు. "సెప్పులేవే?" అన్నాడు. అంతే అన్నాడు. చెప్పుల్లేవని అప్పుడు తెలిసింది నాకు.

తెల్లారి నీ ఒప్పుదల వచ్చింది. మావకు ఇవ్వలేదు, నా పెట్టెలో పెట్టాను. సంఘం మళ్ళీ కూర్చుని పాతదే ఉంచాలని తీర్మానించింది. మల్లేశు తల దించుకుని నిలబడ్డాడు. నువ్వే గెలిచావు. పచ్చడి సీసా ఈ ఓడకే పంపుతున్నాను.

అమ్మడు


భీమిలి
సెప్టెంబరు ఆఖరు

వదినా,

నీ ఉత్తరం చదివి ముందు ఏడ్చాను, తరవాత పచ్చడి తిన్నాను. మీ అన్నయ్య రెండూ ఒకేసారి చేశాడు. కారం ఎక్కువైంది.

ఇప్పుడు నేను చెప్పేది విని మళ్ళీ గుమాస్తా గారు అయిపోకు. పాతది తీసేయండి.

ఆ మంగళవారం అది లేచింది కాబట్టి సరిపోయింది. జూన్‌లో నువ్వే కదా, పొద్దున తెరిస్తే మధ్యాహ్నానికి లేస్తోందని రాశావు? అది లేవని సాయంత్రమే ఎవరో ఒకరు ఇంజిన్ విప్పుకుని కూర్చుంటే మైకులో ఎవర్ని పిలుస్తారు? నేను ఆరు నూరైనా దాన్ని బాగుచేయలేను. ఆ టూల్‌కిట్ ముక్కలు ఇక ఎక్కడా దొరకవు. ఈ మూడు నెలలూ రాత్రి వంటయ్యాక వెతుకుతూనే ఉన్నాను. నీకు చెప్పలేదు.

బాధ లేదంటే అబద్ధం. నేను ఆ దీవిలో వదిలి వచ్చినవాటిలో ఇంకా పనిచేస్తున్నది అదొక్కటే. అయినా తీసేయమనే అంటున్నాను. మనుషుల్ని ఒడ్డు చేర్చడానికి చేసిన వస్తువును, నేను చేశానన్న మురిపెంతో నిలబెట్టడం తప్పు.

మల్లేశును తిట్టకండి. పదకొండు మంది ఒకే పేరుతో తిరుగుతారని ఆ ప్రోగ్రాం చేసినవాళ్ళకు ఎలా తెలుస్తుంది? అతను చేయాల్సింది రాసి విడిగా పెట్టాను. మనిషికొక సంఖ్య, పక్కన ఎక్కిరింపు పేరు గడి, దానికి తాళం. కలిపేయనా అని అడిగే అలవాటు దానికి పూర్తిగా మాన్పించాలి.

ఒక చిక్కుంది. పాత తెలుగు ఫాంటు లోపల అక్షరాలు తెలుగువి కావు, పైకి తెలుగు బొమ్మ తొడిగారంతే. కొత్తదానిలో ఆ బొమ్మ ఊడిపోయింది కాబట్టే నీకు డాలర్లు కనిపించాయి. పాత తెర మీద చూసి ఒక్కో పేరూ మళ్ళీ చేత్తో కొట్టాల్సిందే. మల్లేశు తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. కాబట్టి కొట్టాల్సింది నువ్వే.

చూశావా, ఇప్పుడు కీబోర్డు నీ చేతికి వచ్చింది. తాళం పడేలోపు మీ ఆయనకు గజఈతగాడు అని పెట్టుకున్నా నేను అడ్డురాను.

నీ వదిన
సీతాలు


డిగ్నాబాద్
అక్టోబరు

వదినా,

నీ ఉత్తరం సంఘంలో చదివాను. పోలిరాజు మావ "కన్నదే తీసీమంటే పెంచినోళ్ళం మనమేటంటాం" అని లేచాడు. మల్లేశు వారం తిరిగేసరికి గడి పెట్టించుకొచ్చాడు. పదిసార్లు తాతబ్బాయిని ఎక్కించి పరీక్ష చేశాను. పదిమందీ వేరువేరుగానే నిలబడ్డారు.

పేర్లు కొడుతున్నానని తెలిసింది కదా, ఆఫీసు ముందు తిరునాళ్ళలా ఉంది. రెండు గొడుగుల తాతబ్బాయి పెద్ద సుర్మయి చేప పట్టుకొచ్చి "వదినా, ఒక గొడుగు తగ్గించు" అన్నాడు. చేప పుచ్చుకుని రెండు గొడుగులూ కొట్టాను. నవ్వుల తాతబ్బాయి తనకు గంభీరం తాతబ్బాయి అని కావాలంటూ అడగబోయి మధ్యలోనే నవ్వేశాడు.

అందరివీ అయిపోయాయి. ఒక్క వరస మిగిలింది.

మూడు రోజులుగా ఆ గడి ముందు కూర్చుంటున్నాను. గజఈతగాడు అని కొట్టి తుడిపేశాను. సింహం అని కొట్టి, మీ అన్నయ్య ముఖం గుర్తొచ్చి తుడిపేశాను. నీకేం కావాలయ్యా అని ఆయన్నే అడిగితే, వల బాగుచేసుకోవాలని లేచి వెళ్ళాడు. వలకు చిరుగే లేదు. ఆ పేరు ఎత్తితే చాలు పన్నెండేళ్ళుగా ఆయన ఇలాగే చెవులు ఎర్రగా చేసుకుని లేచిపోతాడు. పాపం, సిగ్గు అనుకునేదాన్ని.

కట్టుబాటు ప్రకారం పేరు పక్కవాళ్ళే చెప్పాలి. పెట్టినదానివి నువ్వే, మార్చాల్సినదానివీ నువ్వే. ఒక మంచి పేరు రాసి పంపు.

నీ వదిన
అమ్మడు


భీమిలి
అక్టోబరు ఆఖరు

వదినా,

పన్నెండేళ్ళుగా ఒకరికి ఇచ్చిన మాట ఇవాళ తప్పుతున్నాను. ఆ పేరు నేను పెట్టలేదు. వేళ్ళు మాత్రమే నావి, మాట మా అన్నయ్యది.

అప్పటికి మన సంబంధాలు కుదిరాయి, ముహూర్తాలు ఇంకా పెట్టలేదు. నేను ఆఫీసులో పేర్లు ఎక్కిస్తుంటే అన్నయ్య వచ్చి ఎవరూ లేకుండా చూసి "ఒలే సీతాలూ, నా పక్కన కొంగుచాటు అని కొట్టు" అన్నాడు. "ఇంకా కొంగే రానేదు, చాటెక్కడిది భయ్యా?" అన్నాను.

"ఒచ్చే పిల్లకి ఈ ఊర్లో ఎవులూ తెల్దు. తాతబ్బాయికేటో అయినాదని ఏ కబురొచ్చినా, నానే అనుకుని అమ్మలాగ ఏడిసీస్తాది. పేరులోనే ఆ పిల్ల కొంగుందనుకో, నా కబురైతేనే భయపడతాది. పదకొండు మంది కోసం భయపడక్కర్నేదు" అన్నాడు.

అందరూ నవ్వుతారు అన్నాను. "నవ్వనీ. నవ్విన పేరు ఎవులూ మర్సిపోరు" అన్నాడు.

తన చావుకు తానే కూర్చుని ఏడ్చిన మనిషి కదా, ఆ ఏడుపు నీదాకా రాకూడదనుకున్నాడు. ఎవరి పేరు వాళ్ళు చెప్పుకోకూడదన్న కట్టుబాటును సొసైటీ మొత్తంలో తప్పింది ఆయనొక్కడే. అందుకే నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నేను నోరు మూసుకుని నీ తిట్లు తిన్నాను. పచ్చడి లేకుండా.

వేరే పేరు నా దగ్గర లేదు. ఇప్పుడు నీ ఇష్టం.

సీతాలు


డిగ్నాబాద్
నవంబరు

సీతాలు వదినకు,

నీ ఉత్తరం ఆఫీసులోనే విప్పాను, తప్పు చేశాను. చదివాక చాలాసేపు గోడ వైపు తిరిగి కూర్చోవాల్సి వచ్చింది. "ఏటైనాదే?" అని పోలిరాజు మావ అడిగితే కంట్లో నలుసు పడిందన్నాను. రెండు కళ్ళలోనా అన్నాడు.

నీ ఒప్పుదల పెట్టెలోంచి తీసి మావకిచ్చేశాను. నీ ప్రోగ్రాం ఇవాళ ఆపాం. చివరిసారి చూద్దామని తెరిస్తే మొదటిసారికే లేచింది, దాని మొండితనం చూడు. మావ తన ఒక్క వేలితో తనే ఆపాడు.

మీ అన్నయ్యకు నాకు తెలిసిందని చెప్పలేదు. చెప్పను కూడా. ఇకమీదట ఆ రహస్యం నేను కాస్తాను, నువ్వు కాసింది చాలు. ఆ గడి ఎవరు చేయించారో గుర్తుండాలని మల్లేశు నీకూ కొత్తదానిలో ఒక వరస పెట్టాడు. ఎక్కిరింపు పేరు పక్కవాళ్ళే చెప్పాలి కాబట్టి నేను చెప్పాను. గుట్టు సీతాలు. ఎందుకని అందరూ అడిగారు. సుర్మయి తెస్తే చెబుతానన్నాను. తెచ్చినా చెప్పను. రెండో సీసా పచ్చడి పంపుతున్నాను, దాని మీద కూడా ఆ పేరే రాశాను.

ఇక ఆ మిగిలిన వరస. కొట్టి తాళం వేశాను. సాయంత్రం మైకు నేనే తీసుకున్నాను. పడవలు జెట్టీకి చేరుతున్నాయి. "కొంగుచాటు తాతబ్బాయీ, వచ్చావా?" అని పిలిచాను. మైకులో ఆ పేరు నా నోటివెంట రావడం ఇదే మొదటిసారి. జెట్టీ అంతా గొల్లున నవ్వింది. మీ అన్నయ్య తాడు పట్టుకుని పడవలోనే నిలబడిపోయాడు. అంత దూరం నుంచి కూడా చెవులు ఎర్రబడటం కనిపించింది. కాసేపటికి చెయ్యెత్తాడు.

"ఒచ్చేసినానే" అని అరిచాడు.

వచ్చినట్టు నొక్కాను.

ఇట్లు
కొంగు అమ్మడు